కొండమీద పెట్టిన వంక

వంకల సారుకి ఆ పేరు ఊరికే రాలేదు. ముప్ఫై రెండేళ్ళు ఫ్యాక్టరీలన్నీ తిరిగి బాయిలర్లు తనిఖీ చేసిన మనిషి. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే పై అధికారి పక్కన కూర్చోబెట్టుకుని ఒక ముక్క చెప్పాడట. "చూడవోయ్, లోపం లేని రిపోర్టు ఎవడూ నమ్మడు. ఒక్కటైనా రాయి. రాయలేదంటే బాయిలర్ మొహం కూడా చూడకుండా ఆఫీసు గదిలో టీ తాగి సంతకం గీకేశావనుకుంటారు." అంతే, ఆ ముక్క సారు బుర్రలో మేకులా దిగిపోయింది. ఆ తర్వాత ఆయన చేతి కింద నుంచి వంక లేని కాగితం ఒక్కటి బయటికి పోతే ఒట్టు. అన్నీ సవ్యంగా ఉంటే "మెట్ల కటకటాలకి రంగు వెలిసింది" అనైనా రాసేవాడు.

పోనీ, ఆ జబ్బు ఆఫీసులో వదిలేసి ఇంటికొచ్చేవాడా? అబ్బే! సొంత కూతురి పెళ్ళి ఆల్బం మొదట్నించీ చివరిదాకా తిరగేసి, "బాగుంది. పన్నెండో పేజీలో మీ మామయ్య కళ్ళు మూసుకున్నాడు" అన్నాడు. పెళ్ళాం కొత్త చీర కట్టుకుని ఎదురుగా నిలబడితే ఆయన కళ్ళు తిన్నగా వెళ్ళి కుచ్చిళ్ళ కింద వేలాడే దారప్పోగు మీద వాలేవి. ఆవిడ ఎన్నేళ్ళని మూతి ముడుచుకుంటుంది? అలవాటు పడిపోయింది. "మా ఆయన పొగిడితేనే భయం వేస్తుందమ్మా, వెనకాల ఏముందోనని" అని చెల్లెళ్ళతో నవ్వేసేది.

రిటైరయ్యాక ఇద్దరికీ ఒక అలవాటయింది. ఏడాదికోసారి ఏదో ఒక కొండ ఎక్కడం. పడవలూ, గుర్రాలూ, మొక్కజొన్న పొత్తుల బళ్ళూ ఉండే కొండలు కావు. బస్సు రోజుకి రెండుసార్లే వెళ్ళే చోట్లు, ఏడింటికల్లా వీధి ఖాళీ అయిపోయే చోట్లు. అక్కడ ఏ గెస్ట్‌హౌస్‌లో దిగినా, వెళ్ళే రోజున సారు విజిటర్స్ పుస్తకం తెప్పించుకుని, కళ్ళజోడు తుడుచుకుని, నాలుగు వరుసలు మెచ్చుకునేవాడు. ఆ కింద "లోపాలు" అని రాసి, గీత గీసి, ఒకటో నంబరు వేసేవాడు. ఒక చోట బాల్కనీ గొళ్ళెం వదులు. ఇంకో చోట మెట్ల దగ్గర బల్బు లేదు. న్యాయంగా చెప్పాలంటే వాటివల్ల మేలే జరిగుంటుంది, ఎవరో ఒకరు బల్బు పెట్టే ఉంటారు.

ఈ అలవాటు మొదలైంది ఆరేళ్ళ కిందట, ఆవిడకి కడుపులో ఆపరేషనయిన ఏడాది. ఆపరేషన్ బాగానే అయింది గానీ నిద్ర దూరమైంది. నాలుగు నెలలు కంటి మీద కునుకు లేదు. మాత్రలు మింగితే మగతగా పడుండేది తప్ప, నిద్రనేదే రాలేదు. డాక్టరు విసిగిపోయి, "ఎక్కడికైనా చల్లటి చోటికి తీసుకెళ్ళండి సార్, చప్పుడు లేని చోటికి" అన్నాడు. అప్పుడు వెళ్ళారు మొదటిసారి, ఎనిమిది గదుల ఆ పాత గెస్ట్‌హౌస్‌కి. వెనక పెరట్లో స్నానాల నీళ్ళు కాచే కట్టెల బాయిలరొకటి. దాన్ని చూసుకునేదీ, వంట చేసేదీ ఒక్కడే. బక్కపల్చటి మనిషి, చెవుల మీదికి దిగిన ఉన్నిటోపీ.

ఆయన పొద్దున్నే అయిదున్నరకి బాయిలర్ రాజేసి పాట ఎత్తుకునేవాడు. ఎక్కడా విన్న పాట కాదు, సొంతంగా అల్లుకున్నది. "లేవకండి, లేవకండి, నీళ్ళింకా కాగలేదు. కట్టె తడి, మంచు తడి, నీళ్ళింకా కాగలేదు." అలా ఏడు చరణాలు, మధ్యమధ్య కట్టెలు ఎగదోస్తూ, ముప్పావుగంట సేపు. ఏడో చరణం చివర "ఇక లేవండి" అని ఉంటుంది. అప్పటికి నీళ్ళు సరిగ్గా కాగుతాయి. గడియారం చూసే పనే లేదు. గొంతు చూస్తే పెద్దదేం కాదు, మెత్తగా, ఎవరి పక్కనో కూర్చుని మాట్లాడుతున్నట్టుండేది.

మొదటి రోజు పొద్దున ఆవిడ ఆ పాట విని తలుపు కొంచెం తీసి పెట్టింది. మూడో చరణానికి, చెబితే నమ్మరు, నిద్రపోయింది. నాలుగు నెలల తర్వాత పట్టిన నిద్ర. ఏడో చరణానికి తనంతట తనే లేచి కూర్చుని, "ఏమండీ, నిద్రపట్టిందండీ!" అని చిన్నపిల్లలా చెప్పింది. రెండో రోజూ అంతే, అయిదో రోజూ అంతే. ఆవిడ ఆయనకి పాటలాయన అని పేరు పెట్టుకుంది.

ఆ తర్వాత ప్రతి ఏడాదీ, "పాటలాయన దగ్గరికి వెళ్దామండీ" అంటూనే ఉంది. "చూసిందే చూడ్డానికి అంత దూరం దేనికి?" అని సారు కొత్త కొండ చూపించేవాడు. ఈ ఏడు ఆవిడ మొండికేసింది. నిద్ర మళ్ళీ పల్చబడుతోంది. "వెళ్తే అక్కడికే. లేదంటే మీరొక్కరే వెళ్ళి వంకలు పెట్టుకు రండి" అంది. సారు నోరు మూసుకుని టికెట్లు కొన్నాడు.

సాయంత్రానికి చేరారు. అదే గది అడిగి మరీ తీసుకుంది ఆవిడ. కొండ మారలేదు, పొగమంచు మారలేదు, ఆఖరికి కిటికీ పక్క గోడ మీది తడి మచ్చ కూడా అక్కడే ఉంది. మర్నాడు ఆవిడ అయిదింటికే లేచి, తలుపు జానెడు తీసి పెట్టి, మళ్ళీ దుప్పట్లో దూరింది. సారుకి నవ్వొచ్చింది. అయిదున్నరయింది. ఆరయింది. పెరట్లో కట్టెలు చిటపటమన్నాయి గానీ పాట లేదు. ఆరుంపావుకి ఎవరో ఒంటి వేలితో తలుపు మీద టిక్ టిక్ మని కొట్టారు. ఉన్ని చెప్పులేసుకున్న ఒక నడివయసు మనిషి, ఆవిడే కేర్‌టేకరట, తల లోపలికి పెట్టి, "నీళ్ళు కాగాయమ్మా" అంది. ఆ మాట కూడా గుసగుసగా.

"పాటలాయన లేడా?" అని అడిగింది సారు భార్య.

కేర్‌టేకరమ్మ నోటి మీద వేలేసుకుంది. "టిఫిన్ అప్పుడు చెప్తానమ్మా. గదుల దగ్గర మాట్లాడకూడదు."

భోజనాల గదిలో గోడ మీద బోర్డుంది. "సిబ్బంది ఎటువంటి శబ్దమూ చేయరాదు." బ్రెడ్డూ ఆమ్లెట్లూ తెచ్చి పెట్టి, అటూ ఇటూ చూసి, కేర్‌టేకరమ్మ గొంతు కాస్త పెంచింది. "ఆయన్ని కిందికి మార్చేసి ఆరేళ్ళవుతోందమ్మా. కొండ సగంలో పంపుహౌస్ ఉంది కదా, ఈ నీళ్ళు పైకి తోసేది, అక్కడికి. ఎవడో మహానుభావుడు పుస్తకంలో రాసి పోయాడట, ఈయన పాట వల్ల నిద్ర చెడుతోందని. ఏడాదికోసారి, ఈ రెండూ నడిపే ఆఫీసు నుంచి వచ్చి పుస్తకం చూస్తారు. పొగడ్తలెవరు చదువుతారమ్మా? లోపం అని కనపడితే మాత్రం ఏదో ఒకటి చేసినట్టు చూపించాలి. ఆ రాసినవాడి చెయ్యి పడిపోనూ!"

సారు చేతిలో బ్రెడ్డు ముక్క ప్లేట్లో పెట్టేశాడు. నిజం చెప్పాలంటే అప్పటికింకా ఆయనకి సరిగ్గా గుర్తు రాలేదు. ఏదో రాసుంటాను, ఏం రాసుంటానబ్బా అని లోపల వెతుక్కుంటున్నాడు.

"ఆ పుస్తకం ఉందా?" అంది ఆవిడ. "చూడాలనుంది. ఎవడో ఆ దౌర్భాగ్యుడు."

"దేనికిప్పుడు, చల్లారిపోతుంది తిను" అన్నాడు సారు.

కేర్‌టేకరమ్మ అప్పటికే అలమార తీసింది. పాత పుస్తకం, ఆ పేజీకి ఎర్ర దారం కట్టుంది. సారు చెయ్యి చాచాడు, తనే ముందు చూద్దామని. పుస్తకం అందుకుని పేజీ తెరిచాడు. వెంటనే బొటనవేలు అడ్డం పెట్టాడు. ఆ చేతిని ఆవిడ నలభై ఏళ్ళుగా ఎరుగును.

"ఇలా ఇవ్వండి" అంది.

చక్కటి గుండ్రటి అక్షరాలు, పేరు లేదు, ఎవరికీ అర్థం కాని సంతకం గీత ఒక్కటే. "గెస్ట్‌హౌస్ పరిశుభ్రం. భోజనం రుచికరం. బాయిలర్ నిర్వహణ అత్యుత్తమం, నేను వృత్తిరీత్యా పరీక్షించితిని. సిబ్బంది ప్రవర్తన మెచ్చదగినది." కింద గీత. "లోపాలు: 1. తెల్లవారుజామున బాయిలర్ వద్ద పాట వలన అతిథుల నిద్రకు భంగము." పక్కనే ఎవరిదో ఎర్ర సిరా: "చర్య తీసుకోబడినది." ఆ రెండు ముక్కల కోసమే సారు ఉద్యోగమంతా ఫ్యాక్టరీ వాళ్ళని పీక్కుతిన్నాడు. రాసిన ప్రతి లోపానికీ చర్య చూపించండయ్యా అని ఉత్తరాల మీద ఉత్తరాలు రాసేవాడు. ఆయన జీవితంలో ఇంత చక్కగా చర్య తీసుకున్నది ఇదొక్కసారే.

ఆవిడ చాలాసేపు ఆ పేజీ వైపే చూసింది. కేర్‌టేకరమ్మ ప్లేట్లు తీసుకుని లోపలికెళ్ళాక, "నిద్రకి భంగమా?" అంది. "నాలుగు నెలలు నేను గోడలు చూస్తూ కూర్చున్నానండీ. ఆయన పాట వింటూ పడుకున్నాను. మీరు పక్కనే ఉన్నారు. నేను లేచి మీకే కదండీ మొదట చెప్పాను, నిద్రపట్టిందని!"

"ఇంకేం దొరకలేదు" అన్నాడు సారు, నేల చూస్తూ. "బాయిలర్ మొత్తం చూశాను. నీటిమట్టం చూసే గేజీ అద్దం కూడా తుడిచి పెట్టుకున్నాడు మనిషి. సేఫ్టీ వాల్వు లాగి చూశాను, వెన్నలా కదిలింది. కిటికీలు, తాళాలు, కుళాయిలు... ఒక్కటంటే ఒక్కటి లేదు. రెండు రోజులు వెతికాను."

"దొరక్కపోతే మానెయ్యకూడదూ?"

మానెయ్యచ్చని ఆయనకి ముప్ఫై రెండేళ్ళలో ఎవరూ చెప్పలేదు, ఆయనకీ తట్టలేదు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆఫీసుకి ఉత్తరం రాస్తాను, అవసరమైతే పెద్దాయన్ని కలుస్తాను, మనిషిని మళ్ళీ పైకి తెప్పిస్తాను అని గబగబా చెప్పుకుపోయాడు.

"ముందు కిందికి దిగుదాం" అంది ఆవిడ, శాలువా తీసుకుంటూ. "ఆయనకి మీ నోటితో చెప్పండి. ఉత్తరం తర్వాత."

గంటన్నర నడక. సారు దారంతా మాటలు కూడగట్టుకున్నాడు. చెబితే పక్కకి తీసుకెళ్ళి, మెల్లిగా, నాలుగు ముక్కల్లో చెప్పెయ్యాలి. పంపుహౌస్ ఇంకా ఫర్లాంగు దూరం ఉందనగానే చప్పుడు మొదలైంది. దగ్గరికెళ్ళేసరికి గుండెల్లో కొడుతోంది. రేకుల షెడ్డు, లోపల రెండు డీజిల్ ఇంజన్లు, వాటి మధ్య స్టూలు మీద ఉన్నిటోపీ.

ఆవిడ్ని చూడగానే పాటలాయన ఎగిరి లేచాడు. "అమ్మా! ఆరో నంబరు గది! తలుపు తీసి పెట్టుకునే అమ్మ!" షెడ్డు బయటికి తీసుకొచ్చి, బెంచీ తుడిచి కూర్చోబెట్టాడు. సారుకీ దణ్ణం పెట్టాడు. ఆయన ప్రతి మాటా అరిచి చెబుతున్నాడు. మనం చెప్పేది మాత్రం మన పెదాల వైపు చూసి పట్టుకుంటున్నాడు.

"చెవులు పోయాయమ్మా!" అన్నాడు నవ్వుతూ, టోపీ మీద తట్టుకుని. "ఈ రెండు దెయ్యాల మధ్య ఆరేళ్ళు! ఎడమది మొత్తం పోయింది, కుడిదాంట్లో ఏదో గుయ్యిమంటుంది. ఫరవాలేదు, ఇక్కడ ఎవరి మాటా వినక్కర్లేదు!"

ఆవిడ సారు వైపు చూసింది. సారు బెంచీ చివర కూర్చుని చెప్పులకంటిన మట్టి దులుపుకోసాగాడు.

పాటలాయనే ఆ సంగతి ఎత్తాడు. "పైన మీరు వినుంటారు, ఎవరో రాశారట! ఆ పుస్తకం నాకు చూపించలేదు! ఆ నెలలో దిగిన వాళ్ళందర్నీ తలుచుకున్నానమ్మా. రెండో గది పెళ్ళివారా? నాలుగో గది లాయరుగారా? ఒక్కొక్కర్నీ అనుకుని చూశాను. మీ ఇద్దర్ని మాత్రం మొదటే పక్కన పెట్టేశాను! అమ్మ వినేది, సార్ నా బాయిలర్ మెచ్చుకున్నారు, ఇంక వీళ్ళెందుకు రాస్తారని!" అని, చేతుల జిడ్డు గుడ్డకి తుడుచుకుంటూ, "రాసినందుకు కాదమ్మా బాధ. ఉద్యోగం ఉంచారు, చాలు. పాట అంత బాగుండేది కాదేమోనని... ఎన్నేళ్ళు జనం మొహమాటానికి విన్నారోనని. అందుకే ఆ తర్వాత మళ్ళీ పాడలేదు" అన్నాడు. ఈ చివరి ముక్క ఒక్కటీ అరవలేదు.

సారు లేచి నిలబడ్డాడు. "ఆ రాసింది నేనే" అన్నాడు, దారంతా అనుకున్నట్టే, మెల్లిగా.

"ఆఁ?" అన్నాడు పాటలాయన.

"నేనే రాశాను!"

"ఎక్కడికొచ్చారు సార్?"

"రాశాను! నేనే! పుస్తకంలో!" ఇంజన్ల మోతని మించి సారు గొంతు చించుకుని అరిచాడు. రోడ్డు మీద కట్టెల మోపుతో పోతున్న ఇద్దరాడవాళ్ళు ఆగి మరీ చూశారు. "నీ పాట వల్ల నిద్ర చెడిందని! అబద్ధం రాశాను! ఇంకేం వంక దొరక్క రాశాను!"

పాటలాయన మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, వెనకాల ఏమీ లేకుండా. మెల్లిగా లోపలికెళ్ళి ఒక ఇంజన్ ఆపాడు. తర్వాత రెండోది. కొండంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. బయటికొచ్చి సారు ఎదురుగా నిలబడి, "ఊరికే ఉండుంటే సరిపోయేది కదా సార్" అన్నాడు.

"అవును" అన్నాడు సారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత చేతులు తిప్పుతూ, అరుస్తూ, ఆఫీసు సంగతి చెప్పాడు. పైకి తెప్పిస్తానన్నాడు. పాటలాయన తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడు పైకెళ్ళి ఏం చెయ్యను సార్? గదిలోంచి పిలిస్తే వినపడదు. బాయిలర్ ఈల వేసినా వినపడదు. అది మరీ ప్రమాదం, మీకు తెలీందేముంది." సారుకి తెలుసు. చెవుడున్న మనిషిని బాయిలర్ దగ్గర పెట్టకూడదని రూల్సులో ఉంది. ఆ రూలు కింద ఒకర్నిద్దర్ని ఆయనే తీయించాడు కూడా. ఇంక చెయ్యడానికేమీ మిగల్లేదు.

పాటలాయన ఏదో గుర్తొచ్చినట్టు, "అయితే పాటలో లోపం లేదన్నమాట?" అన్నాడు.

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని, మొహం ఎదురుగా పెట్టి, ఒక్కో మాటా విడివిడిగా పలికింది. "నేను. దానివల్లే. నిద్రపోయాను. అన్నయ్యా, ఒక్కసారి. పాడు."

పాటలాయన సిగ్గుపడ్డాడు. టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. కుడి చెవి మీద అరచెయ్యి పెట్టుకుని ఎత్తుకున్నాడు. "లేవకండి, లేవకండి, నీళ్ళింకా కాగలేదు..."

శ్రుతి పోయింది. మొదటి వరుసలోనే పోయింది. గొంతు ఎక్కడ ఎక్కుతోందో ఎక్కడ దిగుతోందో ఆ మనిషికి తెలీడం లేదు. మెత్తగా ఉండాల్సిన చోట కేక, కేక ఉండాల్సిన చోట ఉత్త గాలి. మూడో చరణం రెండుసార్లు పాడాడు, అయిదోది మర్చిపోయాడు. సారు చెవులు ఆరితేరిన చెవులు, బాయిలర్ లోపలి పగులు మోతని బట్టి చెప్పగలవు. ప్రతి తప్పూ వాటికి వినపడింది. ఆవిడ శాలువా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "ఇక లేవండి" దాకా వచ్చి పాట ఆగింది.

పాటలాయన ఆవిడ్ని అడగలేదు. సారు వైపే తిరిగాడు. "ఎలా ఉంది సార్? మీరే చెప్పండి. మీరైతే మొహమాటానికి చెప్పరు."

సారు ఆయన వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి, వెతక్కుండానే, ఒకటి కాదు, పది దొరికాయి.

"బాగుంది!" అన్నాడు. "చాలా బాగుంది! ఒక్క వంక కూడా లేదు!"

"ఆఁ?" అన్నాడు పాటలాయన, కుడి చెవి ముందుకి పెట్టి.

సారు దగ్గరికెళ్ళి, ఆ చెవి పక్కన రెండు చేతులూ దోసిలి పట్టి, గొంతు సవరించుకుని, మళ్ళీ మొదట్నించీ చెప్పాడు.